సూది లెక్క

కోంబర్‌లో వాన పడుతోందని ఎవరూ చెప్పరు,
ఆగినప్పుడే చెప్పుకుంటారు.
హ్యూ మక్కీగ్ ఆ వానలోనే వచ్చాడు
బూట్లు తుడుచుకోకుండా, చంకలో గోనెసంచితో.
వాడిన బంగాళాదుంప మొక్కలు మూడు తీసి
నా బల్ల మీద శవాల్లా పడుకోబెట్టాడు.
"వానలో నిలబడి దాహంతో చస్తున్నాయి, ఈథ్నా.
ఇదేం చోద్యం?"

వేరు కడిగి చూపించాను.
ఆవగింజలో అరవయ్యో వంతు, బంగారు పూసలు.
ప్రతి పూసా ఒక తల్లి పురుగు.
చచ్చి, ఒంటినే సంచి చేసి
మూడొందల గుడ్లు దాచి మూతి బిగించుకుంటుంది.
ఇరవై ఏళ్ళయినా ఆగుతాయవి.
బార్లీ వేయండి, కదలవు.
గడ్డి పెంచి గొర్రెల్ని తోలండి, కదలవు.
దుంప వేరు తన ఎదుగుదల ధ్యాసలో తనుండి
తడి మట్టిలోకి ఏదో కాస్త వదులుతుంది.
అది ఎవర్నీ పిలవదు.
అయినా లోపల
పేరు పెట్టి పిలిచినట్టు మెలకువ.

ఆయన వెళ్ళాడనుకుని మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాను.
కళ్ళు లేవు దీనికి. చెవుల్లేవు.
మూడొందల చిల్లర నరకణాలు,
గొంతు చుట్టూ దిష్టితాడులా ఒక నరాల ముడి.
నీళ్ళలో కుక్కిన పేనులా పడుంది.
సెరటోనిన్ చుక్క వేసి
అరగంట నానాక,
నోట్లోని బోలు సూది
టక్.
టక్ టక్.
నా బొటనవేలి కింద కౌంటర్ కూడా
టక్ టక్.
నిమిషానికి నలభై రెండు.
వేరు లేదు, దుంప లేదు,
గాజు మీద ఉత్త నీళ్ళని పొడుస్తోంది.
ఆకలి రుచెరగదంటారు,
దీని ఆకలి అన్నాన్నే ఎరగదు.

"మా నాన్న చేత్తో చల్లేవాడు మందు."
హ్యూ ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు.
"డెబ్భై ఎనిమిదిలో. గ్లవ్స్ ఎవరికి తెలుసు?
పురుగు చుట్టలు చుట్టుకుపోయేది. సంబరంగా ఉండేది మాకు.
ఓ సాయంత్రం ఆయన సూప్ ముందు కూర్చున్నాడు.
చొంగ. గుండుసూది మొనంత కంటిపాపలు.
స్పూన్ నోటి దాకా రాలేదు."
కాసేపు వానే మాట్లాడింది.
"పురుగుదీ ఆయనదీ ఒకే తాళమని
డబ్బా మీద రాయలేదు."

రాసే ఉంటారు, చిన్న అక్షరాల్లో.
అనలేదు నేను.

నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక మాత్రల అట్ట ఉంది, నవంబరు నుంచీ.
దేనికీ దిగులని అడిగితే జవాబు లేదు.
న్యూటౌనార్డ్స్ డాక్టరమ్మ చెప్పింది:
నరానికీ నరానికీ మధ్య ఒక సందుంటుంది,
అక్కడ పడ్డ మాటని నీ ఒళ్ళు తొందరపడి ఊడ్చేస్తోంది,
ఈ మాత్ర చీపురుని కాస్త పట్టుకుంటుంది, అంతే.
ఏ మాటో ఆవిడ చెప్పలేదు. నాకు తెలుసు.
రోజంతా పిపెట్‌తో చుక్కలు చుక్కలుగా వేసేది అదే.
దానికి ఆ మాటకర్థం, పొడువు.
నాకు, లే. చలిగా ఉన్నా సరే, పాదం నేల మీద పెట్టు.

మొన్న ఒక రాత్రి, అందరూ వెళ్ళాక,
సగం మాత్ర నూరి డిష్‌లో కలిపాను.
సూది ఆడింది.
ముప్ఫై ఒకటి.
నోట్‌బుక్‌లో రాయలేదు.

"మరి ఇప్పుడు మీరు చేసేదేమిటి?"
పురుగుకి మాత్రమే పట్టే తాళంచెవి వెతుకుతున్నామన్నాను.
"దొరికేదాకా?"
"ఏడేళ్ళు దుంప వేయొద్దు."
నవ్వాడు హ్యూ. పళ్ళు కనబడలేదు.
ఊరి పేరు చెబితేనే దుంప గుర్తొచ్చే చోట,
ఏడేళ్ళు!
సంచీ ఇక్కడే వదిలి వానలోకి వెళ్ళిపోయాడు.

నేల మీద బూటుముద్రలు, గట్టు నుంచి బల్ల దాకా పొలం.
కాగితంతో ఎత్తి ఉడికించే సంచిలో వేశాను.
రూలు అది, ఒక్క పూస బయటికి పోకూడదు.
డిష్‌లో సూది ఆగింది,
అలిసిందో, నీళ్ళే అని తెలిసిందో.
లైటార్పి కోటు వేసుకున్నాను.
కౌంటర్ సొరుగులో పెట్టేశాక కూడా
జేబులో బొటనవేలు ఆగలేదు.